99 శాతం వచ్చినా సర్వర్ ఎందుకు స్లో?

బత్తలపల్లెలో అడంగల్ కాపీ కోసం వచ్చిన రైతుకైనా, పింఛను వివరాలు అడిగే అవ్వకైనా కౌంటర్ దగ్గర వినబడే జవాబు ఒక్కటే: ‘సర్వర్ స్లో.’ తప్పు ఎక్కడుందో కొలిచే లెక్కల్లో ఒకటి బఫర్ క్యాష్ హిట్ రేషియో.

డేటాబేస్ సమాచారాన్ని బ్లాకులుగా డిస్కులో దాస్తుంది. తరచూ అడిగేవాటిని ర్యామ్‌లో ఉంచుకుంటుంది. కిరాణా కొట్టు లాంటిదే: ముందు అరలో ఉన్న సరుకు వెంటనే చేతికొస్తుంది, లేదంటే గోదాముకు పోవాలి. 10,000 బ్లాకుల్లో 9,900 ర్యామ్‌లోనే దొరికితే 99 శాతం. హిసాబ్ అంతే.

చిక్కు ఆ తర్వాతే. ఇండెక్స్ లేని క్వెరీ ఒకటి అవే బ్లాకులను లక్షసార్లు తిరగేస్తే శాతం ఇంకా పెరుగుతుంది, రైతు మాత్రం లైన్లోనే ఉంటాడు. 99 శాతం వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదని ఒరాకిల్ నిపుణుడు క్యారీ మిల్‌సాప్ ఏకంగా పేపరే రాశారు.

పోస్ట్‌గ్రెస్‌లో ‘ఎక్స్‌ప్లెయిన్’కు ‘అనలైజ్’, ‘బఫర్స్’ జోడిస్తే ఏ క్వెరీ ఎన్ని బ్లాకులు చదివిందో, ఎంతసేపు పట్టిందో బయటపడుతుంది. ఇంకోటి: సర్వర్ చూపించే అంకెలు చాన్నాళ్లుగా పోగైనవి. పొద్దున 10 గంటలకోసారి, 11కోసారి రాసుకుని తేడా తీస్తేనే రద్దీ వేళ సంగతి తెలిసేది.