ఇంటిపేరు ఎరుగని వారసత్వము

జన్యువు, క్రోమోజోము, బహిర్గతము, అంతర్గతము అను మాటలను పదవ తరగతి వరకు చదివిన ప్రతి బిడ్డ ఒకసారి కంఠస్థము చేసే ఉంటుంది. పరీక్ష అయిపోగానే ఆ మాటలు పుస్తకముతో పాటు అటక ఎక్కుతాయి. కాని ఉట్నూరు, జైనూరు, తిర్యాణి ప్రాంతాల గూడెములలో ఆ మాటలే ఇప్పుడు ఒక కార్డు రూపములో ఇండ్లకు వస్తున్నవి. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమము క్రింద, 17 రాష్ట్రాల గిరిజన ప్రాంతాలలో 40 ఏండ్లలోపు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయవలెనని సంకల్పించారు. ఆ రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. పరీక్ష అయినవారికి ఇచ్చే కార్డు మీద మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది: లోపము లేదు, వాహకులు, వ్యాధి ఉన్నది.

ఈ నడిమి మాట దగ్గరనే చిక్కు వస్తున్నది. వాహకురాలు అని వ్రాసి ఉంటే కొందరు ఆ పిల్లను రోగి క్రింద కట్టివేస్తారు. మరికొందరు, డాక్టరు "మందు అవసరము లేదు" అన్నాడు గనుక ఏమీ లేనట్లేనని కార్డును పెట్టె అడుగున పడవేస్తారు. రెండూ తప్పే. ఎందుకు తప్పో తెలియవలెనంటే అటక మీది పుస్తకమును ఒకసారి దింపక తప్పదు.

మన శరీరము కోట్లాది జీవకణములతో కట్టబడినది. కణము నడుమ కేంద్రకము, దానిలో 46 క్రోమోజోములు. ఇవి 23 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఈ క్రోమోజోముల మీద వరుసగా ఉన్న ఆజ్ఞలే జన్యువులు. కంటి రంగు మొదలుకొని రక్తము తయారయ్యే తీరు వరకు, ఏ పని ఎట్లు జరుగవలెనో అవి చెబుతాయి. జత ప్రకారము ప్రతి ఆజ్ఞకు మన దగ్గర రెండు ప్రతులు ఉంటాయి. భూమి కాగితము అసలు ఒకటి, నకలు ఒకటి ఉన్నట్లు కాదు. రెండూ అసళ్లే. ఒకటి చెడినా చాలాసార్లు రెండవది పని నడిపిస్తుంది.

రక్తమునకు ఎరుపునిచ్చి, ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును మోసే పదార్థము హీమోగ్లోబిన్. దీనిలో రెండు రకముల గొలుసులు ఉన్నవి. అందులో బీటా అనే గొలుసులో 146 పూసలు. ఈ గొలుసును గ్రుచ్చే ఆజ్ఞ 11వ క్రోమోజోము మీద ఉన్నది. ఆ ఆజ్ఞలో ఒకే ఒక అక్షరము మారితే ఆరవ పూస మారిపోతుంది. గ్లుటామిక్ ఆమ్లము ఉండవలసిన చోట వాలిన్ వచ్చి కూర్చుంటుంది. ఇట్లు ఆజ్ఞలో వచ్చే మార్పునే ఉత్పరివర్తనము అంటారు. 146 పూసలలో ఒక్కటి! ఇంత మాత్రమునకే, ప్రాణవాయువు తగ్గిన చోట హీమోగ్లోబిన్ గట్టిపడి, చిల్లు పెట్టని గారె వలె గుండ్రముగా, మెత్తగా ఉండవలసిన ఎర్రకణము కొడవలి వలె వంగిపోతుంది. సన్నని నాళములలో ఈ కొడవళ్లు ఒకదానికొకటి చిక్కుకొని రక్తము ఆగుతుంది. ఆగిన చోట భరించరాని నొప్పి. మామూలు ఎర్రకణము 120 దినములు బ్రతికితే, ఇది 10 నుండి 20 దినములలోనే చితికిపోతుంది. అందువలన కండ్లు పచ్చబడుట, రక్తహీనత.

ఈ కొడవలి కణములను 1910లో అమెరికాలోని షికాగోలో జేమ్స్ హెరిక్ అను వైద్యుడు మొదట వర్ణించాడు. మన దేశములో 1952లో నీలగిరి కొండలలోని గిరిజనులలో మొదట గుర్తించారు. ఆదిలాబాదు గోండు, కొలాము, ప్రధాన్ కుటుంబములలో ఇది ఉన్నదని తరువాతి పరీక్షలలో తేలింది. పేరు లేనంత మాత్రమున రోగము లేనట్లు కాదు గదా. నొప్పితో మెలికలు తిరిగే పిల్లవానికి ఎన్ని తాయెత్తులు కట్టారో, ఎన్ని కోళ్లు కోశారో, ఎన్నిసార్లు కామెర్ల పసరు పోశారో ఎవరు లెక్క వ్రాశారు?

ఇప్పుడు వాహకుల సంగతికి వద్దాము. రెండు ప్రతులూ చెడినవారికే ఈ వ్యాధి. ఒకటి చెడి, ఒకటి మంచిదైతే ఆ మనిషి వాహకుడు. మంచి ప్రతి పని నడిపిస్తుంది గనుక పొలము పని, కాపురము, కాన్పు అన్నీ సాధారణముగా అందరి వలెనే సాగుతాయి. లోపము బయటికి కనబడక లోపల దాగి ఉంటుంది. పాఠ్యపుస్తకములోని 'అంతర్గతము' అంటే ఇదే.

దాగినది తిరిగి బయటపడుతుందని లెక్క కట్టి చూపినవాడు గ్రెగర్ మెండెల్. ఈయన ఇప్పటి చెక్ దేశములోని బ్రనో పట్టణపు మఠములో సన్యాసి. 1856 నుండి 1863 వరకు తోటలో బఠాణీ మొక్కలను పెంచాడు. నున్నని గింజల రకమును, ముడుతల గింజల రకమును కలిపితే మొదటి తరములో అన్నీ నున్ననివే వచ్చాయి. వాటినే మళ్లీ విత్తగా 5474 నున్ననివి, 1850 ముడుతలవి వచ్చాయి. అంటే ఇంచుమించు నాలుగింట ఒకటి. మెండెల్ 1866లో దీనిని అచ్చు వేయిస్తే పట్టించుకున్నవారు బహు కొద్దిమంది. ఆయన 1884లో మరణించాడు. 1900లో గాని లోకము ఆ కాగితములను తిరిగి తెరువలేదు. "మా వంశములో ఏడు తరాలుగా ఎవరికీ లేదు, మా పిల్లవానికి ఎట్లు వస్తుంది?" అని అడిగేవారికి ఆ ముడుతల గింజలే జవాబు.

తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ఏమగును? తల్లి చేతిలో రెండు చీట్లు, తండ్రి చేతిలో రెండు. చెరి ఒకటి చూడకుండా తీసి బిడ్డకు ఇస్తారు. రెండూ మంచివి పడుటకు నాలుగింట ఒక వంతు, ఒకటి మంచి ఒకటి చెడు పడుటకు రెండు వంతులు, రెండూ చెడ్డవి పడుటకు ఒక వంతు. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చింది గనుక తరువాతి ముగ్గురు క్షేమమే అనుకుంటారు. ప్రతి కాన్పుకు చీట్లు మళ్లీ కలుపబడుతాయి. మునుపటి కాన్పును అవి గుర్తుంచుకొనవు. ఒక ఇంట ముగ్గురికీ రావచ్చు, మరొక ఇంట ఒక్కరికీ రాకపోవచ్చు. అయితే వాహకుడు లోపము లేని పిల్లను చేసుకుంటే వారి సంతానములో ఈ వ్యాధి రాదు. పిల్లలలో కొందరు వాహకులు కావచ్చును, అంతే. కనుక వాహకులకు పెండ్లి తగదనుట అన్యాయము. ఆ మాట ఆడపిల్లకే ముందుగా తగులుతుందని మనకందరికీ తెలుసు.

రోగి అయిన బిడ్డ పుట్టినప్పుడు అత్తవారింట నింద పడేది కూడా కోడలి మీదనే. రెండు చెడ్డ చీట్లలో ఒకటి తండ్రి చేతినుండి వచ్చినదేనని లెక్క స్పష్టముగా చెబుతున్నది. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు ఎవరి పాపమని అడిగిన ప్రశ్న మన వాకిళ్లలో ఇంకా వినబడుతున్నది. ప్రభువు అక్కడ ఏమి చెప్పాడో చదువరులకు తెలుసు.

మేనరికము మాట ఎత్తక తప్పదు. గోండులు నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారని సగలుగా విడిపోయి, ఒకే సగలో పెండ్లి చేసుకొనరు. కరీంనగరు పల్లెలలో మనము ఇంటిపేరు చూచి అదే పని చేస్తాము. కాని మేనమామ ఇంటిపేరు వేరు, మేనత్త బిడ్డ ఇంటిపేరు వేరు. కాబట్టి వరస కుదిరింది అంటాము. ఇంటిపేరు తండ్రి వెంట నడుస్తుంది. జన్యువులు అట్లు నడువవు, తల్లి వెంట కూడా సరిసమానముగా వస్తాయి. మేనబావ మరదళ్ల జన్యువులలో సగటున ఎనిమిదింట ఒక వంతు, మేనమామ మేనకోడళ్లకు నాలుగింట ఒక వంతు ఒకే మూలమునుండి వచ్చినవే. అమ్మమ్మలో దాగిన ఒక్క చెడ్డ ప్రతి, కొడుకు వైపునుండి, కూతురు వైపునుండి దిగివచ్చి మనుమరాలి బిడ్డలో మళ్లీ కలిసికొనవచ్చును. ప్రతి మేనరికము చెడుతుందని మేము చెప్పుట లేదు. వరస కుదిరితే చాలుననే ధీమా వద్దంటున్నాము.

ఇది అడవి వారి సంగతి, మనకెందుకని కరీంనగరు, జగిత్యాల వారు అనుకొనరాదు. తలసీమియా అని ఇదే బీటా గొలుసుకు సంబంధించిన మరొక లోపము ఉన్నది. దాని వాహకులు ఏ కులములోనైనా ఉండవచ్చు. ఒకరు సికిల్ సెల్ వాహకులు, ఒకరు తలసీమియా వాహకులు అయినా బిడ్డకు వ్యాధి రావచ్చు.

ఇంత చెడు చేసే జన్యువు తరతరాలుగా ఎందుకు నిలిచినదని ఎవరైనా అడుగవచ్చు. 1954లో ఆంథొనీ ఆలిసన్ అను శాస్త్రజ్ఞుడు ఆఫ్రికాలో దీనికి జవాబు కనుగొన్నాడు. వాహకులను ప్రాణాంతక మలేరియా అంత తేలికగా చంపలేదు. మలేరియా దట్టముగా ఉన్న అడవులలో వాహకులు ఎక్కువగా బ్రతికి బట్టకట్టారు. అయితే వ్యాధి ఉన్న బిడ్డకు ఈ రక్షణ లేదు, మలేరియా వస్తే అతనికే ఎక్కువ ప్రమాదము.

ఆ బిడ్డ ఉన్న ఇంట చేయగలిగినది చాలా ఉన్నది. ఆరు నెలల వయసు దాటిన తరువాత చేతులు, పాదములు వాచి ఏడ్చే బిడ్డను ఆలస్యము చేయక చూపించవలెను. ఐదేండ్ల లోపు డాక్టరు చెప్పిన ప్రకారము పెన్సిలిన్, సమయానికి టీకాలు, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు ఎన్నో ప్రాణములను నిలిపినవి. హైడ్రాక్సీయూరియా అను మందు నొప్పి దాడులను తగ్గిస్తుంది. రక్తము తక్కువని ఎవరో చెప్పగా ఇనుము టానిక్కులు త్రాగించరాదు. ఇక్కడి కొరత సాధారణముగా ఇనుముది కాదు, పైగా ఎక్కువసార్లు రక్తము ఎక్కించుకున్నవారిలో ఇనుము పేరుకొని హాని చేస్తుంది. చలి, దాహము, జ్వరము, మితిమీరిన శ్రమ నొప్పిని లేపుతాయి. ఆదిలాబాదు చలి సంగతి తెలిసినదే. పత్తి ఏరే రోజులలో తెల్లవారకముందే చెల్కకు పోయి, పొద్దుగూకేదాక నీళ్లు లేకుండా వంగే అలవాటు ఈ పిల్లలకు పనికిరాదు. నీళ్ల సీసా, స్వెట్టరు, జ్వరము వస్తే ఆ దినమే ఆసుపత్రి. జన్యు సవరణతో చేసే చికిత్సకు 2023 చివరలో బ్రిటన్, అమెరికా దేశములు అనుమతి ఇచ్చినవి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. అది గూడెము దాక వచ్చే వరకు ఈ సీసా, స్వెట్టరే ముఖ్యము.

పరీక్ష సంగతి ఒకటి మిగిలినది. సంఘములో వివాహ ప్రకటన చదివే నాటికి మాట అయిపోయి, బట్టలు కొనడం కూడా అయి ఉంటుంది. అప్పుడు కార్డు అడిగితే కలహమే. బడి పిల్లలుగా ఉన్నప్పుడే చేయించుట మేలు. వ్రేలి కొన నుండి ఒక్క బొట్టు తీసి చేసే మొదటి పరీక్ష లోపము ఉన్నదని మాత్రమే చెబుతుంది, వాహకుడో రోగియో తేల్చదు. అది తేల్చుటకు పెద్ద ఆసుపత్రికి పంపి రెండవ పరీక్ష చేయించవలెను. ఫలితము వచ్చినప్పుడు "ఏమీ లేదు పొమ్మన్నారు" అని తిరిగి రాక, ఏ-ఏ, ఏ-ఎస్, ఎస్-ఎస్ ఈ మూడింటిలో తమది ఏదో అడిగి, వ్రాయించుకొని, రేషను కార్డుతో పాటు భద్రము చేసికొనవలెను.