ఇంటి లోనుకు పోయే ముందు సిబిల్ చూసుకోండి



గూళ్ళ మార్కెట్టులో కలిసినప్పుడు ఈ మధ్య చానామంది ఒకే మాట అడుగుతున్నారు. "ఇల్లు కట్టుకుందామని బ్యాంకుకు పోతే సిబిల్ తక్కువుంది, కుదరదు అన్నారు. మేమేం ఎగ్గొట్టినాము?" అని. ఎగ్గొట్టినవాళ్ళు మనలో తక్కువే. మనకు దుడ్డు వచ్చేది పంటపంటకు, బ్యాంకు కంతు అడిగేది నెలనెలకు. చానామందికి స్కోరు దెబ్బ తినేది ఈ తేడాలోనే.

సిబిల్ అంటే బ్యాంకు కాదు. మన అప్పుల చరిత్ర రాసిపెట్టే కంపెనీ. ఇలాంటివి మన దేశంలో నాలుగున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే బ్యాంకువాళ్ళు మంచిదని చూస్తారు. తక్కువుంటే లోను రాకపోవచ్చు, లేదంటే వడ్డీ ఎక్కువ పడుతుంది. ఆ ఎక్కువ ఎంతో లెక్క వేసి చూడండి. 15 లక్షలు 20 ఏళ్ళకు తీసుకుంటే 8.5 శాతం వడ్డీకి నెలకు సుమారు 13,020 రూపాయలు. అదే 9.5 శాతం అయితే సుమారు 13,980. ఒక్క శాతానికి 20 ఏళ్ళలో రెండు లక్షల ముప్పై వేలు పైన పోతుంది.

కాబట్టి ఇల్లు మొదలుపెట్టాలనుకున్న రోజుకు ఒక సంవత్సరం ముందే రిపోర్టు తీసుకోండి. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, అది రిజర్వు బ్యాంకు రూలు. పాన్ కార్డు, ఫోను నంబరు ఉంటే కంపెనీ సొంత వెబ్‌సైటులోనే వస్తుంది. పిల్లలెవరైనా చదువుకున్నవాళ్ళుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తగ్గేది లోను కావాలని నాలుగైదు బ్యాంకుల్లో ఒకేసారి అర్జీ పెట్టినప్పుడు.

రిపోర్టులో ముందుగా చూడాల్సింది మీ పేరు మీద ఎన్ని అప్పులున్నాయని. ఇక్కడే చానామంది ఆశ్చర్యపోతారు. ఎప్పుడో కంతుల మీద తీసుకున్న ఫోనుకు మూడొందలు బాకీ ఉండిపోయి ఉంటుంది. మైక్రో ఫైనాన్సు గుంపులో తీసుకున్న అప్పు ఉంటుంది. అన్నిటికన్నా పెద్దది జామీను. బామ్మర్దికో, పక్క చేను ఆయనకో ట్రాక్టరు లోనుకు సంతకం పెట్టి మరిచిపోయి ఉంటాము. ఆయన కట్టకపోతే ఆ మచ్చ మన రిపోర్టులో కూడా పడుతుంది. మొగమాటానికి పెట్టిన సంతకం మన ఇంటికి అడ్డం వస్తుంది. అలాంటిదుంటే ఆయనతో కూర్చుని మాట్లాడి ముందు అది కట్టించండి.

తరువాత ప్రతి అప్పు కిందా నెలనెలా గడులుంటాయి. సున్నాలుంటే టయానికి కట్టినట్టు. 30, 60 అని ఉంటే అన్ని రోజులు ఆలస్యమని అర్థం. బైకు లోను, ఇంటి సామాను లోను లాంటివాటికి 90 రోజులు దాటితే మొండి బాకీలో రాసేస్తారు. పంట లోనుకు లెక్క వేరే, కొంచెం సడలింపు ఉంటుంది. అయినా కిసాన్ కార్డు గడువు తేదీ దాటనివ్వకండి. టయానికి కడితే వడ్డీలో వచ్చే 3 శాతం రాయితీ కూడా పోతుంది.

ఇప్పుడు సెటిల్‌మెంట్ సంగతి. "లక్ష బాకీకి అరవై వేలు కట్టు, అయిపోతుంది" అని బ్యాంకు పిలుస్తుంది. ఊరట అనిపిస్తుంది. కానీ రిపోర్టులో "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడుతుంది. అంటే పూర్తిగా కట్టలేదని. ఏళ్ళ తరబడి అది కనబడుతూనే ఉంటుంది. ఇంటి లోను మనసులో ఉన్నవాళ్ళు, చేతనైతే పూర్తిగానే కట్టండి. ముందే సెటిల్ చేసుకుని ఉంటే మిగిలిన మొత్తం కడతామని బ్యాంకులో అడిగి, కట్టినాక బాకీ లేదనే కాగితం తీసుకుని, "క్లోజ్డ్" అని మార్పించమని రాసివ్వండి. మాఫీ అయిన లోన్లున్నవాళ్ళు కూడా రిపోర్టులో అవి ఏమని పడినాయో చూసుకోవాలి.

కట్టేసిన అప్పు ఇంకా బాకీ అని ఉంటే, మీది కాని అప్పు కనబడితే, అదే వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు లేదు. రసీదు, బాకీ లేదనే కాగితం దగ్గర పెట్టుకోండి. 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకు 100 రూపాయలు మనకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూలు ఉంది. అప్పటికీ తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు, ఫోను 14448. "అయిదు వేలిస్తే స్కోరు పెంచుతాము" అనే ఏజెంట్లు తిరుగుతున్నారు. నిజంగా ఉన్న బాకీని ఎవరూ చెరిపెయ్యలేరు. వాళ్ళకు ఓటీపీ చెప్పకండి.

ఇక స్కోరు పెంచుకునే పని. మాయ ఏమీ లేదు, కంతు తేదీ తప్పకుండా ఆరు నెలలు, ఏడాది కట్టడమే. మన పనికి తగ్గట్టు ఒక పద్ధతి చెబుతాను. గూళ్ళు అమ్మిన దుడ్డు ఖాతాలో పడిన రోజే రెండు కంతులంత పక్కన పెట్టి, దాన్ని ముట్టకుండా ఉండండి. ఒక లాటు సున్నపుకట్టు తగిలో, పాల రోగం తగిలో పోయినా కంతు ఆగదు. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళు లిమిట్టులో 30 శాతం లోపలే వాడండి. అసలు ఎప్పుడూ అప్పు తీసుకోనివాళ్ళకు స్కోరే ఉండదు. ఆ ఒక్క కారణానికే అర్జీ తిప్పి పంపకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది, మేనేజరు కాదంటే ఆ మాట గుర్తు చెయ్యండి.

స్కోరు బాగున్నా ఆదాయం చూపించాలి కదా. గూళ్ళ దుడ్డు చేతికి తీసుకోకుండా ఖాతాకే వేయించుకోండి. మార్కెట్టు చీటీలు లాటు లాటుకూ ఫైలులో పెట్టండి. కర్ణాటకలో పహణి, తమిళనాడులో చిట్టా, అడంగల్ తాజావి తీసిపెట్టుకోండి. ఊళ్ళో జాగా అయితే కర్ణాటకలో ఈ-స్వత్తు ఫారాలు ఉన్నాయా లేదా అని పంచాయితీలో ఇప్పుడే అడగండి, అవి తేవడానికే నెలలు పడుతున్నాయి.