తలపును చూచుట, తలపు గుండా చూచుట

గూడూరు పరిసరములలోని గనులనుండి దొరకిన అభ్రకమును మన పల్లెలలో కాకిబంగారమందురు. పలుచని పొరలుగా చీలుట, వేడికి చెడకుండుట దీని గుణములు. అందుచేత పూర్వము పాశ్చాత్య దేశములలో ఇనుప పొయ్యిల తలుపులకు గాజుకు బదులు అభ్రకపు రేకులను అమర్చెడివారు. రేకు గుండా చూచువానికి లోపలి మంట కనబడునే గాని, నడుమ రేకొకటి కలదని గుర్తుండదు. నెల్లూరు ప్రాంతపు అభ్రకమునకు లేత ఆకుపచ్చ ఛాయ కలదు. కొంచెము మందపు రేకు గుండా చూచినచో ఆ ఛాయ ఎదుటి వస్తువుదే అనిపించును. రేకును చేతిలోనికి తీసికొని చూచినప్పుడు గదా రంగు దేనిదో తెలియుట!

మన తలపులును ఇట్టివే. “నాకు లెక్కలు రావు” అనుకొను విద్యార్థి ఆ తలపును చూచుట లేదు. దాని గుండా లెక్కల పుస్తకమును చూచుచున్నాడు. అతడే “నాకు లెక్కలు రావను తలపు ఇప్పుడు వచ్చినది” అనుకొన్నచో, మాటలలో భేదము స్వల్పమే. కాని మొదటిది తనపై తీర్పు. రెండవది మనస్సులో జరిగిన ఒక సంఘటన. ఇట్లు తలపునకు కొంత ఎడముగా నిలిచి దానిని చూచుటను నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు శ్రద్ధగా పరిశీలించుచున్నారు. ఆ తలపు అబద్ధమని వారు చెప్పుట లేదు. అది నిజమే కావచ్చును. నిజమో కాదో పరీక్షించుటకు మాత్రము కొంత చోటు దొరకును.

దీనిని తరగతిలోనే ప్రయోగించి చూడవచ్చును. గూడూరు నిమ్మకాయల వ్యాపారమునకు పేరు పొందిన ఊరు. అచ్చటి పిల్లలకు నిమ్మకాయను పరిచయము చేయనక్కరలేదు. ఒకసారి మెల్లగా “నిమ్మకాయ” అనుడు. గదిలో కాయ లేకున్నను నోట నీరూరును. ఇప్పుడు అందరును కలిసి అర నిమిషము సేపు అదే మాటను గట్టిగా, వేగముగా అనుడు. పిల్లలు నవ్వుదురు, నవ్వనిండు. కొంతసేపటికి పులుపు పోయి వట్టి చప్పుడు మిగులును. మాటను పలుమార్లు ఉచ్చరించినచో అర్థము జారిపోవునని 20వ శతాబ్ది ఆరంభములోనే టిచెనర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వ్రాసెను. తమ్ము తాము నిందించుకొను మాటలతో ఇట్లే చేయించి చూడగా, ఆ మాట వలని బాధయు, దానిపై నమ్మకమును తగ్గినవని 2004లో ప్రకటింపబడిన ఒక చిన్న పరిశోధన తెలిపెను. ఉపాధ్యాయులకు ఒక మనవి: పిల్లవానిచే వానిని నొప్పించు మాటను పదిమందిలో అనిపింపరాదు. తరగతికి నిమ్మకాయ చాలును.

ఇది ఒక యుక్తి మాత్రమే. ఎరుక అనునది అలవాటు. పాళీ భాషలోని ‘సతి’ అను మాటను 1881లో రీస్ డేవిడ్స్ ‘మైండ్‌ఫుల్‌నెస్’ అని ఆంగ్లీకరించెను. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో దీర్ఘవ్యాధుల వారికి ఈ అభ్యాసము నేర్పనారంభించెను. పద్ధతి సులభమే: శ్వాసను గమనింపవలెను, మనస్సు తప్పిపోయినచో, తప్పినదని తెలిసికొని మరలింపవలెను. తప్పిపోయినందుకు చాలమంది నిరాశపడుదురు. నిజమునకు ఆ క్షణమే ముఖ్యమైనది. “పరీక్షను గురించి తలచుచుంటిని” అని తెలిసిన క్షణముననే, అంతవరకు కంటికి అడ్డుగానున్న రేకు చేతిలోనికి వచ్చినది. ఇరువది మార్లు తప్పినచో ఇరువది మార్లు అభ్యాసమైనట్లే.

ఎడముగా నిలుచుట వేరు, త్రోసివేయుట వేరు. మందు త్రాగునప్పుడు కోతిని తలపరాదన్న వైద్యుని కథ మనకు తెలిసినదే. 1987లో డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు కోతికి బదులు తెల్ల ఎలుగుబంటితో ఈ ప్రయోగము చేసిరి. తలపవద్దన్నను ఎలుగుబంటి వచ్చుచునే యుండెను. ఆ పిమ్మట తలపవచ్చునన్నప్పుడు, మొదటినుండియు తలచినవారికంటె వీరికి హెచ్చుగా వచ్చెను. “ఆ భయము మరచిపో” అని పిల్లలకు మనము చెప్పు సలహా ఈ జాతిదే.

ఫలితముల మాట ఏమి? మరల మరల తీవ్రమైన మనోవ్యాకులతకు లోనగువారిపై టీస్‌డేల్ ప్రభృతులు 145 మందితో చేసిన పరిశోధన 2000లో వెలువడెను. అంతకు ముందు మూడు లేక అంతకు మించిన సార్లు వ్యాకులతకు లోనైనవారిలో, మామూలు చికిత్స మాత్రమే పొందినవారికి 60 వారములలో 66 శాతము మందికి వ్యాధి తిరుగబెట్టగా, ఎరుక అభ్యసించినవారిలో 37 శాతము మందికే తిరుగబెట్టెను. రెండుసార్లు మాత్రమే వచ్చినవారికి లాభము కనబడలేదు. పాఠశాలల సంగతి మరింత జాగ్రత్తగా చెప్పవలెను. బ్రిటనులో 8,000కు పైగా విద్యార్థులపై జరిగిన పరిశోధన 2022లో ప్రకటితమైనది. తరగతి మొత్తమునకు పాఠముగా చెప్పిన ఎరుక, అచ్చటి మామూలు బోధన కంటె మేలు చేయలేదు. ఇంటివద్ద అభ్యసించిన పిల్లలు బహు స్వల్పము. కనుక దీనికై నిర్బంధముగా ఒక పీరియడు పెట్టుట నాకు సమ్మతము కాదు. దీర్ఘకాలము దుఃఖములో మునిగియున్న పిల్లవానికి కావలసినది వైద్యుడు.

ఉపాధ్యాయుడు చేయదగినది చిన్నది. “నాకు రావు” అన్న పిల్లవానిని గద్దింపక, “ఆ మాట ఏ లెక్కవద్ద వచ్చినది?” అని అడుగవచ్చును. వాడు పుట తిరుగవేసి చూపును. ఆ లెక్కను ఇద్దరును కలిసి మొదటి మెట్టునుండి చేయవచ్చును.