సోడియం: ఏకాకి ఎలక్ట్రాను ప్రభావం

సముద్రానికి ఎంతో దూరాన, భూపాలపల్లి జిల్లాలో ఉన్న టేకుమట్లలోనైనా ఉప్పు లేని వంటిల్లు ఉండదు. నౌపడ, చినగంజాం వంటి తీరప్రాంతాల మడులలో ఉప్పునీరు ఎండి ఏర్పడే ఆ తెల్లని స్ఫటికాలలో బరువునుబట్టి నూటికి సుమారు 39 పాళ్లు సోడియమే. నీరు తగిలితే భగ్గుమనే ఈ లోహం ఉప్పు రూపంలో నాలుకను కాల్చదేమి?

సమాధానం పరమాణు నిర్మాణంలో ఉంది. సోడియం పరమాణువులోని 11 ఎలక్ట్రానులు మూడు కర్పరాలలో 2, 8, 1 చొప్పున అమరి ఉంటాయి. వెలుపలి కర్పరంలోని ఏకాకి ఎలక్ట్రానుపై కేంద్రకానికి పట్టు తక్కువ. దానిని వదులుకొన్న సోడియం ధనావేశం గల అయానుగా మారి స్థిరత్వం పొందుతుంది. ఉప్పులో ఆ ఎలక్ట్రాను ఏనాడో క్లోరిన్ వశమైనది. ఇవ్వవలసినది ఇచ్చివేసిన సోడియం నీటిలో నిశ్శబ్దంగా కరుగుతుంది.

లోహరూపంలోని సోడియం కథ వేరు. అందులో ప్రతి పరమాణువు చుట్టూ ఎనిమిది పరమాణువులు అంతఃకేంద్రిత ఘనాకృతిలో నిలిచి ఉంటాయి. అయితే వాటిని కలిపి ఉంచడానికి ఒక్కొక్కటి ఇవ్వగలిగినది ఒక్క ఎలక్ట్రానునే. బంధం బలహీనం కనుకనే ఈ లోహం చాకుతో తెగేంత మెత్తన. 98 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. కోసినప్పుడు వెండివలె మెరిసే తలం గాలి సోకగానే మసకబారుతుంది.

ఇటువంటి లోహాలను క్షారలోహాలంటారు. మొక్కలను కాల్చి, బూడిదను నీట కలిపి, వడగట్టి, మరిగించి క్షారాన్ని సిద్ధపరచే విధానాన్ని సుశ్రుత సంహిత ఒక అధ్యాయంలో వివరించింది. ఆంగ్లంలోని ‘ఆల్కలీ’ పదానికి మూలమైన అరబ్బీ మాటకూ మొక్కల బూడిద అనే అర్థం. దూరదేశాల భాషలు రెండూ బూడిద వద్దనే కలియడం ముచ్చటైన విషయం. మన పల్లెలలో బట్టలుతకడానికి వాడిన చవుడు మట్టిలోనూ సోడియం లవణాలే ఉన్నాయి. కాని ఆ లవణాలనుండి లోహాన్ని విడదీయడం బూడిదను మరిగించినంత సులభం కాదు. 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోనికి విద్యుత్తును ప్రసరింపజేసి దానిని సాధించాడు.

సోడియం నీటికన్న తేలిక. నీటిపై వేసిన చిన్న ముక్క తన వేడికే కరిగి, గుండ్రని బొట్టయి, బుసబుసలాడుతూ పరుగెత్తుతుంది. హైడ్రోజన్ వెలువడుతుంది, నీరు కాస్టిక్ సోడా ద్రావణమవుతుంది. పెద్ద ముక్క అయితే విస్ఫోటం జరుగుతుంది. హైడ్రోజన్ మండడమే దీనికి కారణమని చాలాకాలం భావించారు. 2015లో పావెల్ యుంగ్‌విర్త్ బృందం అతివేగ కెమెరాలతో పరిశీలించి, అంతకుముందే జరిగే మరొక చర్యను వెల్లడించింది. లోహపు ఉపరితలంనుండి ఎలక్ట్రానులు ఒక్కుమ్మడిగా నీటిలోనికి దూకగా, మిగిలిన ధనావేశిత పరమాణువులు పరస్పరం వికర్షించుకొని ముళ్లవలె చిమ్ముతాయి. నీటితో తాకే తలం క్షణంలో పెరిగి చర్య విజృంభిస్తుంది.

ఇంత ప్రమాదకరమైనా ఇది ఉత్తమ ఉష్ణవాహకం. 1985లో కల్పాక్కంలో పనిచేయనారంభించిన ఫాస్ట్ బ్రీడర్ పరీక్షా రియాక్టరులో వేడిని మోసుకుపోయేది ద్రవ సోడియమే.

కళాశాల ప్రయోగశాలలలో కర్బన పదార్థాలలోని నత్రజని, గంధకం వంటి మూలకాలను గుర్తించడానికి చేసే లాసైన్ పరీక్షకు సోడియం అవసరం. దానిని కిరోసిన్‌లో ముంచి ఉంచుతారు. పట్టుకారుతో తీసి, వడపోత కాగితంతో అద్ది, బఠాణీ గింజకన్న చిన్న ముక్కనే వాడాలి. తడిచేతితో తాకరాదు, మిగిలిన తునకలను నీటితొట్టిలో పారవేయరాదు. మంట లేస్తే నీరు పోయరాదు, పొడి ఇసుకతో కప్పాలి.