ధర పడితే పడేదెవరు? – మాంద్యం, మన కథా సాహిత్యం

ఆర్థిక మాంద్యం అనే మాటను మన రచయితలు తరచు కరువుకు పర్యాయపదంగా వాడుతున్నారు. రెండూ ఒకటి కావు. కరువులో గాదె ఖాళీగా ఉంటుంది. మాంద్యంలో గాదె నిండుగా ఉండగానే ఇల్లు గుల్లవుతుంది. కరువుకు వాన లేకపోవడం కారణమని చెప్పి తప్పుకోవచ్చు. మాంద్యానికి ఆ సాకు లేదు. అది మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఆర్థిక సంబంధాల్లోనుంచే పుడుతుంది. ఆ సంబంధాలను పట్టించుకోకుండా రాసిన కథలో కన్నీరు ఉంటుంది గాని కారణం ఉండదు.

1929లో న్యూయార్కు షేర్ల మార్కెట్టు కూలిన సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఆ దెబ్బ కోస్తా ఆంధ్ర రైతుకు ఎలా తగిలిందో చూడాలి. 1933 నాటికి మద్రాసు రాష్ట్రంలో వడ్ల ధర సుమారు సగానికి పడిపోయింది. శిస్తూ వడ్డీ మాత్రం రూపాయల్లో రాసుకున్నవి. లెక్క కోసం ఒక రైతు ఏడాదికి 100 రూపాయలు చెల్లించాలనుకుందాం. బస్తా 5 రూపాయలు పలికినప్పుడు అతడు 20 బస్తాలు అమ్మితే చాలు. ధర రెండున్నరకు దిగితే 40 బస్తాలు అమ్మాలి. అప్పు పత్రంలో ఒక్క అక్షరం మారలేదు. అప్పు మాత్రం రెట్టింపయింది. మాంద్యానికి మూల సూత్రం ఇదే: పంట విలువ కదులుతుంది, బాకీ కదలదు. ఈ రెంటి మధ్యా ఉన్న సందులో మనుషులు నలిగిపోతారు.

బతుకుతెరువు కోసం సముద్రం దాటినవారికీ అది తప్పలేదు. 1930 మేలో రంగూను ఓడరేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టారు. సమ్మె ముగిసి పాతవాళ్లు పనిలోకి తిరిగి రాగానే ఆ తగాదా రక్తపాతంగా మారింది. పని కరువైనప్పుడు కూలివాడికి కూలివాడే శత్రువుగా కనిపిస్తాడు. కూలి నిర్ణయించినవాడు మాత్రం కనపడడు. ఇక చదువుల సంగతికి వస్తే, తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు కాశీలో చదువుతున్న ఎమ్మెస్సీ ఆగిపోయింది ఆ మాంద్యం రోజుల్లోనే. మధ్యతరగతి జీవితంలో డబ్బు చేసే పనిని ఆయన అంత నిర్మొహమాటంగా రాయగలగడానికి ఈ అనుభవం కూడా తోడ్పడి ఉంటుందనుకోవడంలో తప్పు లేదు.

రైతుల ఆందోళన ఫలితంగా 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించి ఉంటే అప్పే తీరినట్లు లెక్క. ఇది చిన్న మేలు కాదు. అయితే ఆ చట్టం దృష్టిలో భూమి మీద ఏదో ఒక హక్కు ఉన్నవాడే రైతు. ఏ హక్కూ లేని కూలీ ఆ నిర్వచనం బయటే ఉండిపోయాడు. ఈ వెలితి ఆ చట్టంతోనే పోలేదు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి 1970కి ముందు గుంటూరు జిల్లాలో, తరవాత ప్రకాశంలో, 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా సాగు స్వభావం మారలేదు. అమ్మకం కోసమే పంట, అప్పు మీదే పెట్టుబడి. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలవరపరిచాయి. అప్పుడు ముందుగా పడింది ధర కాదు, దిగుబడి. తెల్లదోమ, పచ్చపురుగు చేలను తినేశాయి. ఆ తెల్లదోమ ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొత్తగా వచ్చిన పైరెత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా కొట్టడంతో దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి, పచ్చపురుగు మందుకు లొంగకుండా పోయింది. మందు పనిచేయకపోతే మళ్లీ మందు, దానికి మళ్లీ అప్పు. మందు అమ్మిన కొట్టువాడే అప్పిచ్చినవాడు, కొన్నిచోట్ల పంట కొనేవాడు కూడా అతడే. కనుక దీన్ని కరువు ఖాతాలో రాయడానికి వీల్లేదు.

ధర పడటానికి మిర్చిని మించిన ఉదాహరణ లేదు. 2015–16 సీజనులో క్వింటాలు 10,000 రూపాయలు దాటి పలికిన మిర్చి 2017 వేసవికి 5,000 కిందికి దిగింది. కేంద్రం జోక్యం చేసుకుని 5,000కు కొంటామని ఆ ఏడాది మేలో ప్రకటించింది. అప్పటికే చిన్నరైతులు చాలామంది టిక్కీలు అమ్ముకున్నారు. నిలవ ఉంచగల శక్తి లేనివాడికి ఆలస్యంగా వచ్చిన ధర వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇందులో కౌలు రైతు స్థితిని ప్రత్యేకంగా గమనించాలి. ధర పెరిగిన ఏడాది చూసి భూస్వామి కౌలు పెంచుతాడు. ఆ కౌలు చాలాచోట్ల ముందుగానే రొక్కంగా చెల్లించాలి. అంటే కౌలుదారు కౌలు కట్టేది నిరుటి హెచ్చు ధరను బట్టి, పంట అమ్మేది ఈ ఏటి తగ్గు ధరకు. నోటిమాట కౌలు కనుక బ్యాంకు అప్పివ్వదు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నదే. ఏడాదికి 36 శాతం. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో వచ్చిన చట్టం యజమాని ఒప్పుకుంటేనే కార్డు అంది. ఒప్పుకోవడానికి యజమానికి భయం, అడగడానికి కౌలుదారుకు భయం.

కౌలుదారు కింద కూలీ ఉంది. ధర పడితే చివరి కోతలు కోయించరు. కాయ చెట్టునే ఎండిపోతుంది. ఆ కోతల కూలి మీద ఆశ పెట్టుకుని వలస వచ్చిన ఆడవాళ్ల రోజులు పోతాయి. ఈ ప్రాంతపు బడుల్లో పనిచేసే మాబోటి వాళ్లకు దీని కొలమానం హాజరుపట్టీయే. కోతల రోజుల్లో తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంటి దగ్గర ఆగిన ఆడపిల్ల, ధర పడిన ఏడాది వేసవి సెలవుల తరవాత కూడా తిరిగి రాదు. ఇటు చీరాల నేతగాణ్ణి చూడండి. పత్తి చవకైతే అతడు బాగుపడాలి కదా? కాడు. పల్లెల్లో చీరలు కొనే చేతులు ఆగిపోతాయి. సరుకు పేరుకుపోయిన మాస్టర్ వీవరు పడుగు ఇవ్వడు. మగ్గం ఆగుతుంది.

ఇంత విస్తారమైన జీవితంలోనుంచి మన కథలు రెండు సంగతులనే ఏరుకుంటున్నాయి: ఒక దుర్మార్గపు షావుకారు, ఒక చావు. షావుకారు మంచివాడైనా లెక్క మారదన్న సంగతి ఈ కథలు చెప్పవు. అప్పు స్వభావాన్ని వ్యక్తి స్వభావంగా కుదించడం అభ్యుదయ దృష్టి కాదు. చావుతో కథ ముగించడం కూడా ఒక తప్పుకోలే. చనిపోయిన మనిషితో అప్పు పోదు. 2004లో వచ్చిన 421 జీవో లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది గాని, విచారణ సంఘం ముందు అతడు రైతేనని, చావుకు అప్పే కారణమని తేలాలి. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కణ్ణించి వస్తుంది? భర్త రైతేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే ఆ ఇల్లాలి కథ మొదలయ్యే చోట మన కథకులు కలం మూస్తున్నారు.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఈ విషయంలో మనకు పాఠం. ఒక అప్పు తగవును పంచాయితీలో పెట్టి, దాని లెక్కలోనుంచి ఊరి అభివృద్ధి ఎవరి ఖర్చు మీద జరిగిందో ఆ కథ చూపింది. అక్కడ అప్పిచ్చినవాడు రాక్షసుడు కాడు. కథ అంత భయంకరంగా ఉండటానికి అదే కారణం.

కొత్తగా రాసేవారికి నా సూచన ఒక్కటే. పాత్రల మనసుల్లోకి తొంగిచూసే ముందు వారి జమాఖర్చులు తెలుసుకోండి. కౌలు ఎంత, ఎప్పుడు కట్టాడు, మందు ఏ కొట్టులో తెచ్చాడు, వడ్డీ నెలకా పంటకా, కూలి ఎన్నాళ్లు నిలిచింది – ఇవి వివరాలు కావు, కథావస్తువే. ధర పడిన వారం ఆ ఇంట్లో ముందుగా ఆగిపోయింది ఏమిటో కనుక్కోండి: పాలా, పిల్ల చదువా, ముసలామె మందులా? ఎవరిది ముందు ఆపారో తెలిస్తే, బయటి మార్కెట్టుతో పాటు ఆ ఇంటిలోపలి అధికారం కూడా తెలుస్తుంది.