మీకు తెలుసా? పలక పట్టిన పశ్చిమ ఆఫ్రికా!

మట్టితో ఊరి బడి కట్టినాయనకు ఆర్కిటెక్చర్‌లో ప్రపంచంలోనే అతి పెద్ద బహుమతి వచ్చిందంటే నమ్ముతారా? నమ్మండి! బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె ఉంది. అక్కడ పుట్టిన ఫ్రాన్సిస్ కెరే 2022లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నారు. ఆఫ్రికా నుంచి ఆ గౌరవం దక్కిన మొట్టమొదటి మనిషి ఆయనే!

ఇంకో మాట చెబుతా, వినండి. ఆయన చిన్నప్పుడు ఆ ఊళ్లో బడే లేదు! 7 ఏళ్లకే ఇల్లు వదిలి వేరే ఊరు పోయి చదువుకున్నారు. సెలవులు అయిపోయి తిరుగు ప్రయాణం కట్టినప్పుడల్లా ఇంటింటికీ వెళ్లి వీడ్కోలు చెప్పేవారట. ఊరి ఆడవాళ్లు బట్టల్లో దాచుకున్న ఆఖరి నాణెం తీసి ఆ పిల్లాడి చేతిలో పెట్టేవారట! ఇంతకన్నా గొప్ప స్కాలర్‌షిప్ ఇంకెక్కడైనా ఉంటుందా చెప్పండి!

1985లో జర్మనీకి స్కాలర్‌షిప్ వచ్చింది. దేనికనుకున్నారు? వడ్రంగం నేర్చుకోవడానికి! పగలు పని, రాత్రి చదువు. ఆ తర్వాతే ఆర్కిటెక్చర్. ఇంకా డిగ్రీ చేతికి రానేలేదు, 2001కల్లా సొంతూళ్లో బడి లేచింది!

కట్టింది ఎవరు? ఊరు ఊరంతా! పిల్లలు పునాదికి రాళ్లు ఏరుకొచ్చారు. ఆడవాళ్లు ఇటుకలకు నీళ్లు మోశారు. మట్టి నేలను గంటల తరబడి దిమ్మిస కొట్టి, రాళ్లతో రుద్ది రుద్ది అద్దంలా చేశారు. పైకప్పు రేకులు గోడలకు ఆనవు, ఎత్తున నిలబడతాయి. మధ్యలోంచి వేడి గాలి బయటికి పోతుంది. ఏసీ లేదు, అయినా గది చల్లన! 120 మందితో మొదలైన ఆ బడిలో పిల్లలు 700కు చేరారు!

అదే దేశంలో 132 పల్లెల్లో ఆడపిల్లల కోసమే ఆలోచించిన బడులు వెలిశాయి! బోరు, వాళ్లకు విడిగా మరుగుదొడ్లు పెట్టారు. నెలలో 90 శాతం రోజులు బడికొచ్చిన అమ్మాయి ఇంటికి తిండిగింజలు పట్టుకెళ్లేది! మరి చంకలో చంటి తమ్ముడు ఉంటే? వాడిని ఆడించడానికి పక్కనే శిశు కేంద్రం! అక్క తరగతిలో, తమ్ముడు పక్కింట్లో. ఎంత చక్కటి ఆలోచన!

ఘనా ఉత్తరాన ఇంకో అద్భుతం! బడి ముఖం చూడని పిల్లలకు 9 నెలల్లో చదవడం, రాయడం, లెక్కలు నేర్పేస్తారు. అదీ ఇంట్లో మాట్లాడే భాషలోనే! పొద్దున పొలం, మధ్యాహ్నం పలక. ఆ తర్వాత నేరుగా మామూలు బడిలో పైతరగతికి! 1995లో మొదలైన దీని పేరు ‘స్కూల్ ఫర్ లైఫ్’.

స్కాలర్‌షిప్ పోగొట్టుకుని ప్రపంచ ప్రసిద్ధుడైన వాడున్నాడు, తెలుసా? నైజీరియాలోని ఒగిడి కుర్రాడు చినువా అచెబె! 1948లో ఇబడాన్ యూనివర్సిటీ కాలేజీలో డాక్టరీ చదవడానికి స్కాలర్‌షిప్ దొరికింది. ఆయనేమో ఇంగ్లిష్ సాహిత్యానికి మారిపోయారు. స్కాలర్‌షిప్ పోయింది! అన్నయ్య డబ్బు సర్ది చదువు ఆగకుండా చూశారు. ఆ తమ్ముడి తొలి నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ 50కి పైగా భాషల్లోకి వెళ్లింది! ఆ అన్నయ్యకు దండం పెట్టాలి.

పంతుళ్లను తయారుచేసే ఒక్క బడి ఎంతమంది దేశాధినేతల్ని ఇచ్చింది? సెనెగల్‌లోని విలియం పోంటీ స్కూల్‌నే తీసుకోండి. ఐవరీ కోస్ట్, మాలి, నైజర్, నేటి బెనిన్... ఈ 4 దేశాల తొలి అధ్యక్షులూ అక్కడి విద్యార్థులే!

జేబులో 50 డాలర్లు! చేతిలో అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్! అలా 1985లో ఘనా నుంచి విమానం ఎక్కారు పాట్రిక్ అవువా. మైక్రోసాఫ్ట్‌లో ఇంజినీరయ్యారు. అది వదిలేసి సొంత దేశం వచ్చి 2002లో అషేసి యూనివర్సిటీ పెట్టారు. ఇప్పుడది బెరెకుసో అనే పల్లె గుట్ట మీద ఉంది!

ఫీజు ఎత్తేస్తే ఏమవుతుంది? 1955లో నైజీరియా పశ్చిమ ప్రాంతంలో అక్కడి నాయకుడు ఒబాఫెమి అవొలొవొ ప్రాథమిక చదువు ఉచితం చేశారు. ఒక్క ఏడాదిలో బడి పిల్లలు 8 లక్షలు దాటిపోయారు! అంతకుముందు అందులో సగానికి కాస్త మించి ఉండేవారు, అంతే!

ఘనాలో 2017 నుంచి సీనియర్ హైస్కూల్ కూడా ఉచితమే! పుస్తకాలు, హాస్టల్ కూడా ఖర్చు లేకుండానే. ఇంటి నుంచి వచ్చే పిల్లలకు ఒక పూట వేడి భోజనం!

చివరగా మన దేశం మాట. 2019లో భారత ప్రభుత్వం ఆఫ్రికా విద్యార్థులకు 15,000 స్కాలర్‌షిప్‌లు ప్రకటించింది! ఐదేళ్లలో, ఇంట్లో కూర్చునే మన యూనివర్సిటీల కోర్సులు చదువుకునేలా! నేరుగా మన దగ్గరికే వచ్చి చదివేవారూ ఉన్నారు, ఉస్మానియాలో చూడొచ్చు. ఈసారి అక్కడ ఘనా అబ్బాయో నైజీరియా అమ్మాయో ఎదురైతే పలకరించండి. మీది ఏ ఊరు, ఏ బడి అని అడగండి!