హైడెల్‌బర్గ్‌లో ఒంటరి వారాంతం

హైటెక్ సిటీ నుంచి జర్మనీకి ఆన్‌సైట్ వెళ్లే కుర్రాళ్లకు పని రోజులు ఇట్టే గడిచిపోతాయి. గడవనివి శని, ఆదివారాలే. మాదాపూర్‌లో ఆదివారమంటే సందడి. అక్కడ ఆరోజు దుకాణాలు దాదాపు అన్నీ మూతే! శనివారమే సరుకులు తెచ్చుకోకపోతే ఇంటి ఆవకాయే దిక్కు.

సాఫ్ట్‌వేర్ సంస్థ శాప్ కేంద్రమున్న వాల్‌డోర్ఫ్‌లో దిగినవాళ్లకు మాత్రం ఓ అదృష్టముంది. లోకల్ రైలెక్కితే పావుగంటలో హైడెల్‌బర్గ్. అక్టోబరులో తోడెవరూ లేకపోయినా వెళ్లాల్సిందే. నెకర్ నది, ఎర్రరాతి పాత వంతెన, కొండమీద సగం కూలిన కోట, చుట్టూ పసుపు, ఎరుపు రంగులు తిరిగిన అడవి.

ఊరికి ప్రాణం 1386లో వెలసిన విశ్వవిద్యాలయం. నేటి జర్మనీలో అదే అన్నిటికన్నా పాతది. దానికి సొంత జైలు కూడా ఉండేది! తాగి అల్లరి చేసినా, పోలీసులతో తగువు పెట్టుకున్నా విద్యార్థుల్ని కొన్నాళ్లు అందులో పెట్టేవారు. పాఠాలకు మాత్రం పంపేవారు. 1914 దాకా సాగిన ఈ శిక్ష కుర్రాళ్లకు గొప్పే అయింది. గోడలూ పైకప్పూ వదలకుండా పేర్లు, బొమ్మలు గీసేశారు. మన హాస్టల్ గోడలు గుర్తురాక మానవు.

1907లో ఇక్కడ జర్మన్ నేర్చుకున్నవారిలో 'సారే జహాసె అచ్ఛా' రాసిన ఇక్బాల్ ఒకరు. నెకర్ మీదా ఆయన కవిత రాశారు. ఏటి గట్టున ఒక దారికి ఆయన పేరే పెట్టారు. అక్టోబరులో అక్కడ సాయంత్రం ఆరైతే హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర. ఇంట్లోవాళ్లు భోజనాలు ముగించి ఫోన్ కోసం చూసే వేళ.